రైట్ చెప్పినా కదలనివి

ముప్పై ఒక్క ఏండ్లు కుషాయిగూడ డిపోల
ఈల ఊది బస్సులాపినదాన్ని.
టింగుమని ఒక్క గంట కొడితే
అంత పెద్ద బండి కిర్రుమని నిలవడేది,
తాగొచ్చినోడు సుత ఫుట్‌బోర్డు ఇడిచి
లోపటికొచ్చి చిల్లర లెక్కవెట్టుకునేటోడు.

ఇప్పుడు నా ఇంట్ల ఐదు కారవానీ కుక్కలు.
అదే ఈల. దవడలు గుంజేదాంక ఊదిన.
సూది ఒక్క చెవి తిప్పింది,
అర్జీ అందింది, చూస్తం అన్నట్టు.

"ఐదింటిని ఎట్ల పెంచుతున్నవే రాజుబాయి?"
గోడ మీంచి అడుగుతది ముకుందమ్మ.
పెంచుడేంది తల్లీ,
ఒక్క రేకుల కింద కలిసి ఉంటున్నం.
కిరాయి మాత్రం నేను కడ్తున్న.

నవారు మంచం బేగంది.
లెవ్వమంటే లెవ్వది,
ఇంకింత బరువైతది.
ఎవరన్న చూస్తే మిర్యం అన్నం ముట్టది.
తుపాకికి నా చెప్పులంటే పగ, కుడికాలియే.
పొద్దు చిన్నది, దానికింకా
పొగరు పూర్తిగ రాలే, అప్పుడప్పుడు తోకాడిస్తది,
మిగిలిన నాలుగూ దిక్కు చూస్తే ఆపేస్తది.

తెల్లారుగట్ల జిలానీ ఆటోల
రాంపల్లి అవతల వెంచర్లకు తోలుకపోత.
ఇంకా ఇండ్లు లేవలే. తెల్ల సున్నమేసిన రాళ్ళు,
నంబర్లు, ఒక వంకర బోర్డు.
పట్టా ఊడదీస్త.
గప్పుడు చూడాలె.
నడుము ఇల్లులెక్క వంగి, సాగి,
నాలుగు కాళ్ళూ ఒక్కపారి మన్ను మరిచిపోతయి.
ఎవని ప్లాటైతేంది, ఎంత గజమైతేంది,
ఒక్క గుక్కల ముప్పై రిజిస్ట్రేషన్లు దాటుతయి.
జిలానీ బీడీ వెలిగించుడు మరుస్తడు.
నేను పిలువ. పిలిస్తే ఇజ్జత్ పోతది, నాదే.

నిరుడు చలికాలం బేగంను డాగ్ షోకు కొంచవోయిన.
శామియానాల కింద షాంపూ వాసన,
హెయిర్ డ్రయ్యర్ల మోత,
దువ్వెన కింద కండ్లు మూసుకున్న బొచ్చు కుక్కలు.
బేగంకు సున్నిపిండి స్నానమే.
నా దండకు నలభైయేడో నంబరు కట్టిన్రు,
చానా దినాలకు బ్యాడ్జి పెట్టినట్టైంది,
నాకు తెల్వకుండనే వీపు నిటారైంది.

రింగుల ఉరికినం. నిజం చెప్తే అది నడిచింది,
నేను ఉరికిన.
కోటేసుకున్న జడ్జి పండ్లు చూస్తనని చెయ్యి చాపిండు.
బేగం కరువలే, గుర్రుమనలే.
ఒక్కడుగు ఎనుకకేసింది,
తెల్వనోడు పక్క సీట్ల కూసుంటే
పెద్దింటి ముసలామె కొంగు దగ్గరికి తీసుకున్నట్టు.
ఆయన నెత్తి మీంచి ఎటో చూసుకుంట నిలవడ్డది.
అటు దిక్కు ఏమున్నదో నేను సుత తిరిగి చూసిన.
నీళ్ళ ట్యాంకు మీద ఒక పావురం.
జడ్జి చూడలే. అట్టకాయితం మీద రాసుకున్నడు.

మూడో బహుమతి. ఉన్నయి మూడే.
"బొక్కల కట్టు మంచిగుంది, వినయం తక్కువ" అన్నడు.
సార్, నా సర్వీసు రికార్డుల సుత
గదే మాట రెండుసార్లు రాసిన్రు, అన్న.
ఆయన నవ్వలే. నేను నవ్విన.

ఇంటికొచ్చినంక రిబ్బన్ మొలకు తగిలిస్తే
తుపాకి గుంజి నమిలింది, ఎర్ర రంగు మూతికంటింది.
బేగం మంచమెక్కింది.

ఇప్పుడు రాత్రిళ్ళు ఈల ఊదుడు మానేసిన.
తొమ్మిది కొట్టంగనే తలుపు తెరిచి
మెట్టు మీద కూసుంట, ఆఖరి ట్రిప్పు లెక్క.
ఒకటి. రెండు. కొంచెమాగి మూడు.
టికెట్లు కొట్టినట్టు లోపల్లోపల లెక్కవెడ్త.
నాలుగు.
చలి పెడ్తది. పక్కింట్ల టీవీ బందైతది.
సూది ఇంకా రాలే.
ఒక్క ప్యాసింజర్ కోసం బండి ఆపొద్దని రూలు,
నేనే కొత్తోళ్ళకు నేర్పిన రూలు.

చానా సేపటికి గోడ మీద నీడ సాగింది.
నన్ను దాటి, నా మొఖం సుత చూడకుంట,
నీళ్ళ గిన్నె కాడికి పోయింది.
తాగిన సప్పుడు అయిపోయేదాంక
తలుపెయ్యలే.